పాత పెంకుటింట్లో అల్లరి పిల్లితో కాపురం: ఇంటిని ఎలా సర్దుకోవాలి

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు రైలు పెట్టెల్లా వరసగా, పక్కింటితో ఒకే గోడ పంచుకుని ఉంటాయి. వీధి వైపు అరుగు, గది వెనక గది, మధ్యలో ఎండా వానా నేరుగా పడే చిన్న లోగిలి, చివర నుయ్యి, పెరడు. పైన పెంకులు. పర్లాకిమిడి వైపు వెళ్ళినా మన తెలుగువాళ్ళ పాత ఇళ్ళు చాలావరకు ఇదే పద్ధతిలో కనిపిస్తాయి. ఇలాంటి ఇంట్లో పిల్లిని పెంచుకుంటే అది చేసే అల్లరికి అంతుండదు. పాలగిన్నె దొర్లుతుంది, పెంకు జారుతుంది, పక్కింటి ఎండుచేపలు మాయమవుతాయి, తెల్లవారుజామున నాలుగింటికి అటక మీద చప్పుడు మొదలవుతుంది.

తిట్టి, కొట్టి పిల్లిని మార్చలేం. దానికి ఎత్తు కావాలి, గోళ్ళు గీక్కునే చోటు కావాలి, వేట కావాలి, దాక్కోవడానికి ఓ మూల కావాలి. పాత ఇల్లు ఈ నాలుగూ అడగకుండానే ఇస్తుంది, కాకపోతే మనకి ఇబ్బంది అయిన చోట ఇస్తుంది. కాబట్టి సర్దుకోవాల్సింది ఇంటిని. ఏ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు దాని దారి చూడండి

ఏ సందూ మూయకముందు, ఏ వస్తువూ కొనకముందు రెండు మూడు రోజులు ఊరికే గమనించండి. పిల్లులు తెల్లవారుజామున, మునిమాపు వేళ చురుగ్గా ఉంటాయి. రోజులో సగానికి పైగా నిద్రే కాబట్టి మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. పొద్దుగూకే వేళ లోగిట్లో పీట వేసుకుని కూర్చోండి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి దూకుతోంది, ఏ దూలం మీద నడుస్తోంది, ఏ సందులోంచి కప్పు మీదికి వెళ్తోంది, అన్నీ ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి.

మా పిల్లి రాణిది ఎప్పుడూ ఒకటే దారి. నూతి గట్టు, అక్కణ్ణుంచి బట్టలుతికే బండ, పెరటి గోడ, గోడ మీంచి చూరు. చూరు దగ్గర ముందు కాళ్ళు గోడకి ఆన్చి, తలతో చివరి పెంకుని మెల్లగా పైకి ఎత్తుతుంది. తల పట్టేంత సందు దొరికితే చాలు, ఒళ్ళంతా దూరినట్టే. పిల్లి మెడ కింద ఎముక మనకున్నట్టు భుజానికి అతుక్కుని ఉండదు, అందుకే అంత ఇరుకులోనూ పడుతుంది. తోక కూడా లోపలికి వెళ్ళాక పెంకు కిందికి దిగుతుంది, కానీ పాత చోట దిగదు, అంగుళం పక్కకి దిగుతుంది. శ్రావణం వానల్లో గదిలో ధార కట్టేది ఆ అంగుళంలోంచే.

పైకప్పు పని

అన్నిటికంటే పెద్ద పని ఇదే. ఖర్చుకి వెనకాడకండి. పెంకులు సర్దే మనిషిని మే నెలలోనే పిలవండి. జూన్‌లో వానలు మొదలయ్యాక అతను దొరకడు, దొరికినా తడి పెంకుల మీద ఎక్కడు.

గోడ పైభాగానికీ వాసాలకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, దానికి అరంగుళం గళ్ళున్న ఇనుప వల కొట్టించండి. గాలి ఆడుతుంది, పిల్లి దూరదు, బయటి గండుపిల్లి రాదు, పెద్ద ఎలుకలకీ ఆ దారి మూసుకుపోతుంది. వల కొట్టేముందు అటక అంతా టార్చిలైటు వేసి చూడండి. పిల్లి ఈని ఉంటే కూనలు లోపలే ఉండిపోతాయి. కూనలు కనబడితే ఆ పని కొన్ని వారాలు వాయిదా వేయండి.

అన్ని దారులూ మాత్రం మూయకండి. చాలామంది చేసేది అదే. అన్నీ మూస్తే అది ఇంకో సందు వెతుక్కుంటుంది, ఆ సందు వంటింటి పొగగూడో, దేవుడి గది కిటికీయో అవుతుంది. గీసుకున్న కాగితం చూసి, మీకు ఇబ్బంది లేని దారి ఒక్కటి ఉంచండి. ఆ దారిలో చూరు దగ్గరి రెండు వరసల పెంకుల్ని సున్నంలోనో సిమెంటులోనో కదలకుండా పాతించండి. గోడ నుంచి కప్పు దాకా అరచేయి వెడల్పు కంటే కాస్త పెద్ద చెక్క ఏటవాలుగా బిగించి, కాలు జారకుండా దాని మీద గోనెసంచి ముక్క మేకులతో కొట్టండి. సులువైన దారి ఉంటే పిల్లి కష్టమైన దారికి పోదు.

గోడ మీద గాజుపెంకులు మాత్రం వద్దు. పాదం కోసుకుంటే ఆ గాయం బురదలో, పేడలో తిరిగి చీము పడుతుంది.

ఇంటి లోపల కూడా దానికి ఎత్తు ఇవ్వండి. వీధి కిటికీ పక్కన గోడకి ఓ బల్లచెక్క, అది ఎక్కడానికి కింద ఇంకొకటి. రాకపోకలు చూసే చోటు దొరికితే దేవుడి పటాల వెనకాల, రేడియో బల్ల మీద తిరగడం చాలామటుకు తగ్గుతుంది.

వంటిల్లు

మన పెద్దవాళ్ళు ఉట్టి కట్టింది దీనికే. ఈ రోజుల్లో కూడా ఉట్టి పనికొస్తుంది, అయితే ఎత్తు ఒక్కటే చూసి కడితే లాభం లేదు. పిల్లి నిలబడ్డ చోటు నుంచి నాలుగైదు అడుగులు తేలిగ్గా ఎగురుతుంది. అలమరా మీంచో గట్టు మీంచో అయితే అడ్డంగా కూడా దూకుతుంది. గది నడిమధ్యన, చుట్టూ ఏ గట్టూ, ఏ బల్లా దగ్గర లేకుండా కడితేనే ఉట్టి ఉట్టిగా ఉంటుంది.

పాలు కాచి చల్లారబెట్టేటప్పుడు గిన్నె మీద పళ్ళెం పెట్టి ఊరుకోకండి. దాన్ని ముక్కుతో తోసేయడం పిల్లికి ఎంతో సేపు పట్టదు. గిన్నెని వల తలుపులున్న అలమరాలో పెట్టి గడియ వేయండి. తలుపు లాగితే వచ్చేసే రకమైతే గడియ తప్పకుండా బిగించుకోవాలి, ఎందుకంటే పంజా సందులో పెట్టి లాగడం అవి ఒక్కసారి చూసి నేర్చుకుంటాయి.

గోపాలపురం నుంచి చేప వచ్చిన రోజున వాసనకి పిల్లి కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంటుంది. కడగడం మొదలుపెట్టకముందే దానికి తిండి పెట్టేయండి. కడుపు నిండిన పిల్లి చేప బుట్ట చుట్టూ రెండు తిరుగుళ్ళు తిరిగి పడుకుంటుంది. దానికి పెట్టే చేప ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. పచ్చి చేప రోజూ పెట్టకూడదు, కొన్ని రకాల పచ్చి చేపల్లో ఉండే పదార్థం బి1 విటమిన్‌ని చెడగొడుతుంది. మన కూరలోంచి తీసి పెట్టడమూ వద్దు, ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లి రక్తకణాలకి చేటు. ఉప్పుచేప అసలే వద్దు. పాలంటే దానికి ఇష్టమే కానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. ఒక గిన్నెలో మంచినీళ్ళు, తిండి గిన్నెకి దూరంగా పెట్టండి. పక్కపక్కనే పెడితే చాలా పిల్లులు సరిగ్గా తాగవు.

నూలు, పట్టు, పూలదారం

ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పట్టుచీరకి పేరున్న ఊరు కాబట్టి మగ్గం ఉన్న ఇళ్ళూ, కండెలు చుట్టే ఇళ్ళూ, చీర కుచ్చులు కట్టే ఆడవాళ్ళూ ఉన్న వీధులు మనవి. దారం దొర్లుతుంటే పిల్లి దాంతో ఆడడం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పిల్లి ప్రాణం తీసే వస్తువుల్లో దారం ఒకటి.

ఒకసారి పిల్లి ఆవలించినప్పుడు దాని నాలుక దగ్గరగా చూడండి. చిన్న చిన్న ముళ్ళు వరసగా, అన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి. ఒంటి మీద వెంట్రుకలు దువ్వుకోవడానికి అవి. దారం ఆ ముళ్ళకి తగులుకుంటే ఉమ్మేయడం దానికి కష్టం, లోపలికి మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక మొదట్లోనో, పొట్టలోనో చిక్కుకుని, మిగతా దారం పేగులోకి దిగుతుంది. పేగు దాన్ని ముందుకి తోయాలని చూసే కొద్దీ తనే ఆ దారం మీద మడతలు మడతలుగా ముడుచుకుపోతుంది. పట్టుదారం సన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి పేగుని కోసేయగలదు.

నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం కొస కనబడితే లాగకండి. ఎంత టెన్షన్ వచ్చినా లాగకండి. లోపల చిక్కుకుని ఉంటే మీరు లాగిన లాగుడికే పేగు తెగుతుంది. దారం బయటికి బాగా వేలాడుతుంటే, ఇంకా మింగకుండా కొంచెం ఉంచి కత్తిరించవచ్చు, పూర్తిగా లోపలికి పోయేలా మాత్రం కత్తిరించకండి. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దారం మింగడం మీరు చూడకపోయినా, పిల్లి మాటిమాటికీ కక్కుతూ, తిండి ముట్టకుండా, చొంగ కారుస్తూ మూలన నక్కి ఉంటే ఇదే అనుమానించి, ఇంట్లో దారం పని జరుగుతుందని డాక్టరుకి చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయనకి నాలుక కింద చూడాలని తడుతుంది.

రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. కండెలు, నూలు మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి. సాయంత్రం పని ఆపగానే తెగిన పోగులు ఊడ్చి చెత్తబుట్టలో కాదు, మూత ఉన్న డబ్బాలో వేయండి. మగ్గం మీద పడుగుకి, అంటే నిలువు పోగులకి, పాత దుప్పటి కప్పి, గుంట మీద చెక్క వేయండి. మగ్గం గుంట పిల్లికి చల్లటి పడక, చీకట్లో కాలు పెట్టే మనిషికీ దానికీ ఇద్దరికీ దెబ్బే. మగ్గం లేని ఇళ్ళలో కూడా పూలు కట్టే దారం, వాడిపోయిన దండలు, రాఖీలు, దారం ఎక్కించి వదిలేసిన సూది ఉంటాయి. చేపల వాసన ఉన్న దారం అయితే మరీ ప్రమాదం.

ఆడుకోవడానికి కర్రకి లావాటి తాడు, చివర గుడ్డముక్క కట్టి మీరే ఆడించండి. ఆట అయ్యాక దాన్ని లోపల పెట్టేయండి.

గోళ్ళు, తెల్లవారుజాము పరుగులు

పాత టేకు స్తంభం మీద గీకుతోందంటే ఆ స్తంభానికే గోనెసంచి చుట్టి, కొబ్బరితాడుతో బిగించి కట్టండి. పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి పూర్తిగా ఒళ్ళు విరుచుకునేంత ఎత్తు, అంటే నేల నుంచి మూడడుగులు ఉండాలి. ఎక్కడో మూల పెట్టిన కొత్త కర్ర దానికి అక్కర్లేదు. గీకే చోటు దాని వాసన, గోటి గుర్తు ఉన్న చోటు, అది మారదు.

అటక మీద పరుగులు తగ్గాలంటే రాత్రి పడుకోబోయే ముందు కాసేపు ఆ తాడుతో పరిగెత్తించి, ఆ వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాకుకోవడం, నిద్ర, దాని వరస అది. పొద్దున్నే అరిచిందని లేచి పెడితే మర్నాడు ఇంకో గంట ముందే లేపుతుంది.

ఎలుకల మందు, ఫినాయిల్

పాత ఇంట్లో ఎలుకలుంటాయి, పిల్లిని పెంచేదీ సగం అందుకే. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకండి, పక్కింటివాళ్ళకీ చెప్పండి. మందు తిన్న ఎలుక చురుకు తగ్గి పిల్లికి సులువుగా దొరుకుతుంది, దాన్ని తిన్న పిల్లికీ విషమెక్కుతుంది. జిగురు అట్టలూ వద్దు. పిల్లి అంటుకుపోతే లాగకుండా వంటనూనె రాసి మెల్లగా విడదీయాలి, తర్వాత ఆ నూనె అది నాకకుండా తేలికపాటి సబ్బుతో కడగాలి. పాతకాలపు చెక్క ఎలుకబోను చాలు.

పిల్లి ఉచ్చ వాసనకి ఫినాయిల్ పోసి కడగడం మన ఇళ్ళలో అలవాటు. ఫినాయిల్ లాంటివాటిని హరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అవి లోపలికి పోతాయి. సబ్బునీళ్ళతో కడిగి, వంటసోడా చల్లి ఆరనివ్వండి. పెట్టెల్లో, బీరువా కింద కలరా ఉండలు దానికి అందకుండా చూడండి. జ్వరమనిపిస్తే పారాసెటమాల్ ఇవ్వకండి, చిన్న ముక్క కూడా పిల్లిని చంపేయగలదు. కుక్కల పేలకి, గోమార్లకి పోసే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవీ అంతే.

దొడ్డికి వెళ్ళడానికి మూలన లోతు తక్కువ తొట్టిలో పొడి ఇసుక పోసి, రోజూ తీసేస్తుంటే పెరడంతా తవ్వదు. నూతి మీద ఇనుప వల తప్పనిసరి.

పొరుగు, కార్తీకం, మార్గశిరం

వరస ఇళ్ళలో కప్పు అంతా ఒకటే. మీ పిల్లి పది ఇళ్ళ పిల్లి. కాబట్టి పక్కవాళ్ళతో ముందుగానే మాట్లాడండి. దెబ్బలాట అయ్యాక మాట్లాడితే పిల్లి మీదికి రాయి ముందు వస్తుంది. "మావుసీ (పిన్నీ), మా పిల్లి మీ ఇంట్లో ఏం పాడుచేసినా నాకు చెప్పండి, నేను ఇచ్చుకుంటాను" అని ఒడియా పొరుగింటావిడకి ఒక్క మాట చెప్పి ఉంచండి. చెప్పినట్టే పగిలిన పెంకు మార్పించి ఇవ్వండి.

పండగల విషయం తెలిసి ఉంటే సగం గొడవలు రావు. ఒడియావాళ్ళ కార్తీకం పున్నమికే ముగుస్తుంది, మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. వాళ్ళ నెలలో చాలా ఇళ్ళలో నీచు వండరు, చివరి ఐదు రోజుల పంచుకలో కొంగ కూడా చేప ముట్టదంటారు. ఆ రోజుల్లో వీధిలో చేప వాసన లేక పిల్లి దొరికినదల్లా వెతుకుతుంది, పాలగిన్నెల మీదికీ పోతుంది. మీరూ నియమంలో ఉన్నా పిల్లికి నియమం పెట్టకండి. మాంసం, చేపల్లో దొరికే టౌరిన్ అనే పోషకం లేకపోతే దాని కళ్ళు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో వండడం కుదరకపోతే పొడి తిండి ప్యాకెట్టు తెచ్చి పెరట్లో పెట్టండి.

పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్ళీ నీచు తినే రోజు. ఆ రోజు వీధంతా చేప, కోడి, వేటమాంసం. ఎముకలు గుమ్మాల పక్కన పడతాయి. ఉడికిన కోడి ఎముక నమిలితే సూదుల్లా చీలుతుంది. ఆ ఒక్క రోజూ పొద్దున్నే కడుపు నిండా పెట్టి పిల్లిని లోపలే ఉంచండి.

తర్వాత మార్గశిర గురువారాలు. మాణబస అనే లక్ష్మి పూజకి ఒడియా ఇళ్ళలో బియ్యప్పిండితో గుమ్మం నుంచి దేవుడి గది దాకా ఝొటి అనే ముగ్గు వేసి, లక్ష్మి పాదాలు దిద్దుతారు. మన ఇళ్ళలోనూ మార్గశిర గురువారాల్లో లక్ష్మి పూజ చేసుకునేవాళ్ళున్నారు. ఆ తడి ముగ్గు మీద పిల్లి నడిస్తే, పొద్దున్నే తలస్నానం చేసి వేసిన మనిషి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. బుధవారం రాత్రి నుంచే పిల్లిని వెనక గదిలో పెట్టి, పూజ అయ్యాక వదలండి. పిల్లి ఎదురైతే ప్రయాణం ఆపుకునే పెద్దవాళ్ళు వీధిలో ఉంటే, వాళ్ళు బయల్దేరే వేళకి దాన్ని లోపలికి పిలుచుకోండి.

అక్టోబరు తుఫాన్లు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచింది. పెంకుటిళ్ళకి ఆ నెలే గండం. హెచ్చరిక రాగానే, గాలి మొదలుకాకముందే పిల్లిని పట్టుకోండి. గాలి లేచాక అది ఏ అటక మూలకో పోతుంది, పిలిచినా రాదు. పైన పెంకులు లేని గది ఉంటే అందులో, లేకపోతే గట్టి గోడలున్న లోపలి గదిలో మూతగంప, దాని పాత గుడ్డ, ఇసుక తొట్టి, నీళ్ళు పెట్టండి. షెల్టరుకి వెళ్ళాల్సి వస్తే ఆ గంపతోనే తీసుకెళ్ళడానికి వీలవుతుంది. అందుకే గంపని ఏడాది పొడుగునా ఇంట్లో తెరిచి ఉంచి, అందులో పడుకోవడం అలవాటు చేయండి. తుఫాను తర్వాత పెంకు ముక్కలు, మేకులు ఏరేదాకా వదలకండి.

ఆపరేషన్, టీకా, కాట్లు

పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. వరస ఇళ్ళలో ఆ ఏడిళ్ళూ మీ పొరుగువాళ్ళవే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలలు దాటగానే ఈనుతుంది, ఏడాదిలో ఒకటికి మించి ఈతలు. కాబట్టి ఆపరేషన్ ఆలస్యం చేయకండి. మగదానికి చేయిస్తే గోడల మీద ఉచ్చ చిమ్మడం, రాత్రుళ్ళు కొట్లాటలు చాలావరకు తగ్గుతాయి. ముందు ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. క్లిష్టమైన కేసైతే భువనేశ్వర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపై ఏటా. కప్పుల మీద తిరిగే పిల్లి వీధి కుక్కలకీ, గండుపిల్లులకీ ఎదురుపడుతూనే ఉంటుంది.

కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, ఇంటి పిల్లే కదా అని ఊరుకోకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకండి, గట్టిగా కట్టు కట్టకండి. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. కండరానికిచ్చే టీకా అయితే మొదటి రోజు, దాన్ని సున్నాగా లెక్కపెట్టి ఆ తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో లెక్క వేరు, కార్డు మీద రాసిస్తారు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే దాని లోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే మందు) కూడా వేస్తారు. పిల్లి పన్ను సన్నం, పైకి చుక్కలా కనిపించే కాటు కూడా లోతుగా దిగుతుంది. వేలి కీలు దగ్గర కరిస్తే మర్నాటికి వాచి ఎర్రబడుతుందేమో చూసుకోండి, వాచితే వెంటనే మళ్ళీ చూపించుకోండి.